నిలువుకాళ్ళ ఇంగ్లీషు

జనవరి 9

చెల్లెమ్మకు,

నీ కాళ్ళ మీద నువ్వు నిలబడ్డావా, లేక నిన్ను ఎవరో నిలబెట్టారా? ముందు దీనికి జవాబు చెప్పు. ఆ తర్వాత నీ ఇంగ్లీషు మాట సంగతి చూద్దాం.

నీ ఉత్తరం పాల వ్యాను డ్రైవరు పొద్దున్నే నా బూట్ల కొట్టు మెట్టు మీద పెట్టి వెళ్ళాడు. గిరాకీలతో ఇంగ్లీషులో మాట్లాడాలని మీ బట్టల కొట్టులో అమ్మకం పిల్లలకి తలుపులు తీయకముందే పాఠం పెట్టారని రాశావు. తలా ఒక జంట మాట పంచితే నీ వాటాకి ‘స్టాండ్ అప్’ వచ్చిందన్నావు. వచ్చే నెల యజమాని వచ్చినరోజు తన మాట గురించి ఎవరు బాగా చెబితే వాళ్ళకి బిల్లు కౌంటరు ఉద్యోగమట. అందుకని ఈ అన్నయ్య గుర్తొచ్చాడు. రావాల్సిందే. నేను బడికి వెళ్ళింది తక్కువ. తెలుగు పరిశుద్ధ గ్రంథం ఎడమ మోకాలి మీద, ఇంగ్లీషు గ్రంథం కుడి మోకాలి మీద, మధ్యలో అడుగు ఊడిన బూటు పెట్టుకుని, వచనం పక్కన వచనం సరిచూసుకుంటూ నేర్చుకున్నవాణ్ణి. ఆ ఇంగ్లీషుని ఏ మాస్టారూ నా నుంచి లాక్కోలేడు.

రాసుకో. ‘స్టాండ్’ ఒక్కటీ అయితే ఊరికే నిలుచోవడం. స్తంభమూ నిలుచుంటుంది, గాడిదా నిలుచుంటుంది. పక్కన ‘అప్’ వచ్చి చేరిందా, ఆ మాటకి వెన్నెముక వచ్చిందన్నమాట. కూర్చున్నవాడు లేచినా, పడినవాడు లేచినా స్టాండ్ అప్పే. చతికిలబడిన కుంటివాడితో ప్రభువు లెమ్మన్నాడే, ఆ లేవడం. ఇంకొకటుంది. ఒకడు సాక్ష్యం చెబుతాడు, నలుగురూ అడ్డదిడ్డంగా గుచ్చి గుచ్చి అడుగుతారు, అయినా ఆ సాక్ష్యం చెక్కుచెదరదు. అదీ స్టాండ్ అప్పే. మనం నిగ్గు తేలిందంటాం, నిలిచిందంటాం. వెనక ‘టు’ తగిలిస్తే ఎదిరించడం, ఎదురు తిరగడం, ఢీకొనడం, నిలదీయడం, మొండికేయడం. మన తెలుగులో ఈ ఒక్క పనికే ఎన్ని మాటలున్నాయో చూశావా? ఎదిరించాల్సిన అవసరం లేని జాతికి ఇన్ని మాటలు పుట్టవు.

ఏడంతలు మండే కొలిమిలోకి తోస్తానని రాజు అన్నా ఆ ముగ్గురు కుర్రాళ్ళు అతని బొమ్మకి వంగారా? అందరూ వంగినచోట నిటారుగా ఉన్నారు. నీ ప్రసంగం అక్కడ మొదలుపెట్టు. వింటున్నవాళ్ళ చెవులు దిమ్మెక్కాలి.

అమ్మ బాగానే ఉంది. నా ప్రార్థన కూటానికి వస్తోంది. నువ్వు ప్రార్థన మానలేదు కదా?

నీ అన్న,
వీధంతా పిలిచే బూట్ల బోధకుడు


జనవరి 16

అన్నయ్యకు,

నీ ప్రశ్నకి జవాబు. నన్ను నిలబెట్టారు. పొద్దున్న తలుపులు తీసినప్పటి నుంచి రాత్రి షట్టర్లు దించేదాకా. ఇంగ్లీషు పాఠం కూడా నిలువుకాళ్ళ మీదే. మాస్టారికి మాత్రం బిల్లు కౌంటరు కుర్చీ తెచ్చి వేస్తారు. మూడో అంతస్తు మొత్తానికి ఉన్న కుర్చీ అదొక్కటే.

కుంటివాడి సంగతీ కొలిమి సంగతీ మా యజమానికి చెబితే నన్ను కౌంటరుకి కాదు, ఇంటికి పంపిస్తాడు. అయినా నువ్వు రాసిందంతా మళ్ళీ మళ్ళీ చదివాను. సాక్ష్యం నిలవడం అన్నావే, అది నచ్చింది. మా దుప్పట్లకి సరిగ్గా అతుకుతుంది. రంగు ఉతుకుళ్ళకి ఆగితే అదీ స్టాండ్ అప్పేనని మాస్టారు చెప్పారు. ‘మీరు ఎన్నిసార్లు ఉతికినా నిలుస్తుంది మేడమ్’ అని ఇంగ్లీషులో అనడం నేర్చేసుకున్నాను. నిన్న ఒకావిడ నమ్మి రెండు కొంది కూడా.

మా అంతస్తు నువ్వు చూడలేదు కదా. పరదాలు, దుప్పట్లు, దిండు గలీబులు. కూర్చోకూడదు. ఆనుకోకూడదు. ఎందుకని అడిగితే, ‘అమ్మే పిల్ల కూర్చుంటే కొనే మనిషికి ఈ కొట్టు మూసేస్తున్నారేమో అనిపిస్తుంది’ అంటాడు మా మీద కాపలా ఉండే ఫ్లోర్ సారు. అందుకని మాకొక పద్ధతుంది. వేలాడే పరదాల వెనక, గోడకీ పరదాలు తగిలించే గొట్టానికీ మధ్య ఒక మనిషి పట్టేంత సందు. అక్కడికి ఒక్కొక్కరం వెళ్ళి గోడకి వీపు ఆనించి వస్తాం. దాన్ని గోడ వంతు అంటాం. మెట్ల దగ్గరున్న పిల్లకి ఫ్లోర్ సారు తల కనిపిస్తే ఇనప మీటరు బద్ద చేతిలోంచి జారుస్తుంది. ఆ ఠంగుమనే చప్పుడికి గోడ దగ్గరున్నది పరదా మడతలు సర్దుతూ బయటికొస్తుంది. ఇప్పటిదాకా ఎవరూ దొరకలేదు. బద్దలన్నీ సొట్టలు పడ్డాయని మాత్రం ఫ్లోర్ సారు బాధపడతాడు.

మాలో అందరికంటే ముందు చేరింది పెద్దక్క. ఆవిడ తన వంతు కొత్త పిల్లలకి ఇచ్చేస్తుంది. ఆవిడ చీలమండ మీద వేలు నొక్కి తీస్తే గుంట అలాగే ఉండిపోతుంది. ‘పిండి ముద్దలా ఉంది కదే, నొక్కండి, నొక్కండి’ అని నవ్విస్తుంది.

అన్నయ్యా, నాకు ఆ కుర్చీ కావాలి. దాచుకోవడం ఎందుకు. జీతం పెద్దగా పెరగదు. కూర్చోవచ్చు, అంతే. ఫోన్లు గేటు దగ్గరే తీసుకుంటారు, హాస్టల్లో మాట్లాడితే పదిమంది వింటారు. కాబట్టి ఉత్తరమే రాయి. ఇంకా అర్థాలుంటే పంపు.

నీ చెల్లి


జనవరి 24

చెల్లెమ్మకు,

కుర్చీ కావాలా నీకు? మన నాన్న పొద్దస్తమానం బరువులు మోసి కూడా ఒకరి ముందు కుర్చీ అడగలేదు. నా కూటంలో ఒక్క బల్ల లేదని నీకు తెలుసు. రాజు ముందు ఎలా నిలుచుంటామో దేవుడి ముందూ అలా నిలుచోవాలని నేను పెట్టిన నియమం. ముసలివాళ్ళూ, చంటిపిల్లల తల్లులూ, రాళ్ళు కొట్టి వచ్చిన మగవాళ్ళూ నిలబడే వింటారు. ఎవరూ నోరు మెదపలేదు. నిలబడ్డవాడి చెవులు నిద్రపోవు.

నీ కాళ్ళ గురించి మాత్రం నాకు పట్టదనుకోకు. డ్రైవరు చేత ఒక జత పంపుతున్నాను. లారీ టైరు అడుగు, దాని మీద మెత్తటి స్పాంజి, పైన తోలు. మడమ దగ్గర లోపల ఇంకో పొర వేశాను. నా చేతి పనిలో ఇంతకన్నా గట్టిది లేదు. వీటి మీద లోకం అంతమయ్యేదాకా నిలబడవచ్చు.

ఇంకో అర్థం అడిగావు. ఇది నిఘంటువులో చదివినప్పుడు నాకే ఒళ్ళు మండింది. ఫలానా చోటికి వస్తానని ఒకరికి మాటిచ్చి, వాళ్ళు ఎదురుచూస్తుంటే రాకుండా పోవడాన్ని కూడా ఆ ఇంగ్లీషువాళ్ళు స్టాండ్ అప్ అనే అంటారు. ఎగ్గొట్టడం. మాట తప్పడం. కళ్ళు కాయలు కాచేలా చేయడం. పాపం ఆ ఎదురుచూసేవాడు నిలువుకాళ్ళ మీద ఉండిపోతాడు కాబట్టి కాబోలు. ఎదిరించడానికీ ఎగ్గొట్టడానికీ ఒకే మాట పెట్టుకున్న భాష ఏం భాష అని మొదట అనుకున్నాను. తర్వాత ఆలోచిస్తే, కోడి కూసేలోపు మూడుసార్లు ప్రభువెవరో నాకు తెలియదన్న శిష్యుడు గుర్తొచ్చాడు. వాడే తర్వాత గుంపు ముందు లేచి గొంతెత్తాడు. ఒకే మనిషిలో రెండూ ఉంటాయి. నీలో ఏది ఉందో చూసుకో.

వెనక ‘ఫర్’ వస్తే ఒకరి పక్షాన నిలబడటం, వెనకేసుకు రావడం, కొమ్ము కాయడం. ఇది ప్రసంగంలో చివర పెట్టు.

నీ అన్న


ఫిబ్రవరి 1

అన్నయ్యకు,

చెప్పులు అందాయి. అవి వేసుకుని ఇంకొంచెంసేపు నిలబడగలను. ఫ్లోర్ సారు కూడా అలాంటి పనే చేశాడు. మాకందరికీ కాళ్ళ నొప్పి మందు ఒక సీసా పెట్టించాడు. ఇద్దరూ ఒకే బడిలో చదివినట్టున్నారు.

నేను కూర్చుంటానంటే నువ్వు నిలబడటానికి చెప్పులు పంపావు. ఇది రాయకూడదనుకున్నాను. కానీ రాస్తాను, నువ్వు నేర్పిందే కదా నిలదీయడం. నువ్వు చేసే పని ఏమిటి అన్నయ్యా? పొద్దంతా ముక్కాలిపీట మీద కూర్చుని బూట్లు కుడతావు. సాయంత్రం కాసేపు లేచి, నిలబడటం ఎంత గొప్పదో చెబుతావు. నీ ముందు వినేవాళ్ళు పొద్దంతా నిలబడి వచ్చినవాళ్ళు. నోరు మెదపలేదంటున్నావు. మా కొట్టులో కూడా ఎవరూ మెదపరు.

డ్రైవరు ఒక మాట చెప్పాడు. కూటంలో అమ్మ వెనక గోడకి ఆనుకుని నిలబడుతుందట. నువ్వు కళ్ళు మూసుకుని ప్రార్థన చేసేటప్పుడు మాత్రమేనట. నువ్వు కళ్ళు తెరిచేసరికి గోడ వదిలేస్తుందట. అది విని నాకు నవ్వొచ్చింది, తర్వాత రాలేదు. అమ్మకి కూడా గోడ వంతు ఉంది.

మొన్న పెద్దక్క పడిపోయింది. గిరాకీకి దుప్పటి విప్పి చూపిస్తూ, దుప్పటితో సహా. ఆవిడ మీద దుప్పటి పరుచుకుంది. గిరాకీ ఆవిడ చెంగున పక్కకి గెంతి, ‘ఇది వేరే రంగులో ఉందా’ అని అడిగింది, కంగారులో. పెద్దక్కని మోసుకెళ్ళి మెట్ల కింద పడుకోబెట్టాం. డాక్టరమ్మ కాళ్ళు చూసి, రోజులో మాటిమాటికీ కూర్చోకపోతే ఈ కాళ్ళు పుండ్లు పడతాయంది. ఫ్లోర్ సారుకి చెబితే, ‘అయితే కూర్చునే ఉద్యోగం ఎక్కడైనా చూసుకోమనండి’ అన్నాడు. పెద్దక్క మర్నాడే వచ్చేసింది. రాకపోతే ఎలా. ఇంట్లో తిండి తెచ్చేది ఆవిడొక్కతే.

నీ చెప్పులు ఆవిడకిచ్చాను. వాపు మీద పట్టలేదు.

నీ చెల్లి


ఫిబ్రవరి 5

చెల్లెమ్మకు,

అన్నని ఫ్లోర్ సారుతో జతకట్టావు. సరే. ఆ లెక్క తర్వాత తేలుద్దాం. నా కూటం సంగతి దేవుడికీ నాకూ మధ్య. ముందు ఆ పెద్దక్క సంగతి.

చదివి అలాగే కూర్చోలేకపోయాను. ఆ పూటే కలం తీశాను. నీకు చెప్పకుండా మీ మేనేజరుకి నేరుగా ఇంగ్లీషులో రాశాను. రేపటి వ్యానులో నీ ఉత్తరంతో పాటే వెళుతుంది. భయపడకు. నీ పేరెత్తలేదు, అన్ననని మాత్రం అన్నాను. ఇంటిపనివాడికీ, ఎద్దుకీ, గాడిదకీ కూడా ఏడో రోజు విశ్రాంతి ఇమ్మని దేవుడు చెప్పాడనీ, నీ కొట్టులో ఆడపిల్లలకి ఎద్దుపాటి విలువ లేదా అనీ అడిగాను. నా మనుషులు దేవుడి కోసం నిలబడతారు, నీ మనుషులు దుప్పట్ల కోసం ఎందుకు నిలబడాలి అని కూడా అడిగాను. గ్రంథం నేర్పిన ముసలి ఇంగ్లీషు అయినా సరే, అది నిప్పు. కాగితం కాలుతుందేమోననిపించింది.

నువ్వు తలెత్తుకుని తిరుగు.

నీ అన్న


ఫిబ్రవరి 11

అన్నయ్యా,

ఎందుకు రాశావు. నిన్నెవరు రాయమన్నారు.

పొద్దున్న పాఠంలో మేనేజరే వచ్చాడు. ఎప్పుడూ రాడు. నా పేరు రాయకపోతేనేం, పాల వ్యానులో ఉత్తరాలు వచ్చేది నాకొక్కదానికే. నీ కాగితం మాస్టారి చేతికిచ్చి పైకి చదవమన్నాడు. ‘నీవు’ అనడానికి నువ్వు దౌ అని రాశావట. ఆ మాట ఇప్పుడు ఎవరూ వాడరట, పాత గ్రంథాల్లో తప్ప. ‘ఓ మేనేజరూ, దౌ...’ అని మాస్టారు చదివేసరికి అందరూ నవ్వారు. నవ్వకపోతే ఎలా, మేనేజరు నవ్వుతున్నాడు కదా. నాక్కూడా మూతి వంకర పోయింది, అది ఏడుపో నవ్వో నాకే తెలియలేదు. అప్పటి నుంచి నేను దౌ గారి చెల్లిని. పరదా కొలుస్తుంటే కూడా, ‘దౌ, ఎన్ని మీటర్లు’ అంటున్నారు.

అంతటితో పోలేదు. నువ్వు రాసిన ఆ ఒక్క వాక్యం, నీ మనుషులు దేవుడి కోసం నిలబడతారన్నది, మేనేజరు రెండోసారి చదివించాడు. ‘బాగుంది. మా దేవుడు గిరాకీ. మా గుడిలో మేమూ నిలబడతాం. మీ అన్నయ్య గారు ఒప్పుకున్నట్టే’ అన్నాడు. నువ్వే నా నోట్లో గుడ్డ కుక్కావు.

నా పేరు ప్రసంగాల్లోంచి తీసేశారు. కుర్చీ అయిపోయింది.

ఒక్కటి మాత్రం చెప్పాలి. గోడ వంతు దగ్గర పెద్దక్క నా చెయ్యి పట్టుకుని, ‘మీ అన్న ఎద్దు సంగతి రాశాడట కదే. ఎద్దుకి సెలవుందని నాకు తెలియదే ఇన్నాళ్ళూ’ అంది. ఆవిడ నవ్వించడానికి అనలేదు.

ఇంక మేనేజరుకి రాయొద్దు. నాకూ కొన్నాళ్ళు రాయొద్దు.

చెల్లి


ఫిబ్రవరి 17

చెల్లెమ్మకు,

రాయొద్దన్నావు. రాస్తున్నాను. చించెయ్యాలనుకుంటే చదివి చించెయ్యి.

ఆదివారం కూటంలో కొండ మీది యుద్ధం చెప్పాను. నీకు తెలిసిందే. కింద మైదానంలో జనం పోరాడుతుంటారు, కొండ మీద వాళ్ళ నాయకుడు చేతులెత్తి నిలబడతాడు. చేతులు పైకి ఉంటే గెలుపు, వాలితే ఓటమి. నేను నా రెండు చేతులూ ఎత్తి, ‘ఆయన అలా నిలబడ్డాడు’ అని గొంతు చించుకున్నాను. ఇది నేను చెప్పి చెప్పి అరగదీసిన ప్రసంగం. వెనక నుంచి అమ్మ గొంతు వినపడింది.

‘తర్వాతది చదువు నాయనా.’

కూటంలో ఇంతవరకు ఎవరూ మాట్లాడలేదు. నేను, ‘ఏది అమ్మా తర్వాతది’ అన్నాను.

‘ఆయన చేతులు బరువెక్కాయి కదరా. అప్పుడు ఏం తెచ్చారు?’

గ్రంథం తీశాను. వేలు పెట్టి చూశాను. ఒక రాయి తెచ్చి ఆయన కింద పెట్టారు. ఆయన దాని మీద కూర్చున్నాడు. అటొకడూ ఇటొకడూ చేతులు పట్టుకున్నారు. సూర్యుడు అస్తమించేదాకా ఆ చేతులు వాలలేదు. యుద్ధం గెలిచారు. గెలిపించినవాడు కూర్చుని ఉన్నాడు. ఇంగ్లీషు గ్రంథంలోనూ చూశాను. అక్కడా కూర్చునే ఉన్నాడు.

‘మరి నాకేదిరా రాయి?’ అంది అమ్మ.

ముందు రాళ్ళు కొట్టే ఒకాయన నవ్వాడు. తర్వాత అందరూ. చంటిపిల్ల తల్లి నవ్వుతూనే కింద చతికిలబడింది. ఆమె పక్కన ఇంకొకామె. చూస్తుండగానే కూటం మొత్తంలో నిలబడ్డది నేనొక్కణ్ణే. సోమవారం రంపం పట్టుకున్నాను. మూడు బల్లలయ్యాయి. నాలుగోదాని కాళ్ళు ఆరుతున్నాయి. అమ్మకి వీపు ఆనే బల్ల చేశాను, ‘ఎత్తు ఎక్కువైందిరా’ అని తిట్టింది. కోశాను.

ఇప్పుడు విను. వారమంతా రెండు గ్రంథాలూ తిరగేశాను. ఎక్కడ చూసినా కూర్చునేవాళ్ళే. ప్రభువు నడిచి నడిచి అలిసి బావి దగ్గర కూర్చున్నాడు. అలిసి అన్న మాట అక్కడ రాసి ఉంది, నేను దాన్ని దాటేసి నీళ్ళ దగ్గరికి పరుగెత్తేవాణ్ణి. కొండ ఎక్కి కూర్చున్నాకే నోరు తెరిచి బోధించాడు. రేవులో దోనె ఎక్కి కూర్చుని బోధించాడు. దేవుడి కొడుకు అలిస్తే కూర్చున్నాడు. మీ మూడో అంతస్తు అంతకంటే పవిత్రమైనదా? మీ పరదాలు సింహాసనం మీద కప్పేవా?

మీ మేనేజరు నా వాక్యాన్ని నా మీదికే తిప్పాడన్నావు. తిప్పనీ. ఆ వాక్యం ఇప్పుడు అబద్ధం. నా మనుషులు కూర్చున్నారు. ఈ ముక్క అతనికి నువ్వే చెప్పు. ఈసారి నేను రాయను, దౌ అనడం నాకు ఇంకా పోలేదు.

నీ అన్న


ఫిబ్రవరి 23

అన్నయ్యకు,

గోడ వంతులో అమ్మ రాయి కథ ఒక్కొక్కరికీ చెప్పాను. పరదా వెనక ఒక్కొక్కరూ నవ్వుతూ బయటికి వస్తుంటే ఫ్లోర్ సారుకి అనుమానమొచ్చి పరదాలన్నీ దులిపించాడు.

కానీ నవ్వుతో ఆగలేదు. యజమాని ఎల్లుండి వస్తున్నాడు. మామూలుగా అయితే మేమందరం వరసగా నిలబడి గుడ్ మార్నింగ్ చెప్పాలి. పెద్దక్క అంది, ‘ఆ రోజు నేను కూర్చుంటానే. పోతే పోతాను. ఎలాగూ ఈ కాళ్ళతో ఎన్నాళ్ళు’ అని. ఆవిడ ఒక్కతే ఎందుకు, అందరం కూర్చుందాం అన్నాను. బట్ట తాన్ల మీద కూర్చుంటే సరుకు పాడుచేశారంటారు, అందుకని నేల మీద, ఎవరి వరస ముందు వాళ్ళు. గిరాకీ వస్తే లేచి చూపించడం, వెళ్ళగానే మళ్ళీ కూర్చోవడం. పని ఆపకూడదని పెద్దక్క ఒట్టు వేయించింది. యజమానికి తెలుగు రాదు, ఎందుకని అడిగితే నేను ఇంగ్లీషులో చెప్పాలి. గిరాకీ లేనప్పుడు కూర్చోవడానికి వరసకి ఒక పీట. అంతే మా కోరిక. అందరూ సరేనన్నారు, పొడుగు పిల్ల తప్ప. ఆ పిల్ల కూడా నిన్న సరేనంది.

ఇంతలో ఈవేళ మేనేజరు పిలిచాడు. కుర్చీ వేశాడు. నిజంగా, కూర్చోమన్నాడు. కూర్చున్నాను. ‘దౌ గారి చెల్లీ, నీ ఇంగ్లీషు బాగుందని మాస్టారు చెప్పారు. పోటీ అక్కర్లేదు. ఎల్లుండి పొద్దున్నుంచి బిల్లు కౌంటరు నీది. యజమాని వచ్చేసరికి నువ్వు అక్కడ ఉండాలి’ అన్నాడు. ఇంకేమీ అనలేదు. అనాల్సిన పని లేదు. ఎవరో చెప్పేశారు.

అన్నయ్యా, నేనేమీ గొప్పగా లేచి రాలేదు. ఆ కుర్చీ మెత్తగా ఉంది. వెనక్కి వాలితే వీపు దానంతటదే నిట్టూర్చింది. ఆలోచించుకుంటానన్నాను. ‘ఆలోచించడానికేముంది’ అన్నాడు.

నేను కౌంటరులో ఉంటే వాళ్ళు కూర్చుంటారా? కూర్చున్నా, వాళ్ళ తరపున మాట్లాడేవాళ్ళెవరు? పెద్దక్కకి ఇంగ్లీషు రాదు. నువ్వు రాసిన ఆ ఎగ్గొట్టే అర్థమే అప్పటి నుంచీ తలలో తిరుగుతోంది, వాళ్ళు నా కోసం చూస్తూ ఉండిపోయినట్టు. మరోపక్క, నేను వెళ్ళకపోతే ఆ కుర్చీ పొడుగు పిల్లకి పోతుంది, మమ్మల్నందరినీ గెంటేస్తారు, అప్పుడు ఎవరికీ ఏమీ ఉండదు. కౌంటరులో ఉంటే మెల్లగా పెద్దక్కకి ఏదైనా చేయగలనేమో కదా.

పెద్దక్కకి ఇంకా చెప్పలేదు. నువ్వేమంటావో చెప్పు. ప్రసంగం వద్దు. మాట చెప్పు.

నీ చెల్లి


ఫిబ్రవరి 25, తెల్లవారుజామున

చెల్లెమ్మకు,

నీ ఉత్తరం నాకు ఇప్పుడే చేరింది. నిన్న వ్యాను చెడి దారిలో ఆగిపోయిందట. డ్రైవరు గుమ్మంలో నిలబడ్డాడు. కూర్చోమన్నాను. మీ తలుపులు తీసేలోపు ఇది నీ చేతిలో పెడతానన్నాడు. కాబట్టి ఎల్లుండి అన్నది ఈ రోజే.

ప్రసంగం వద్దన్నావు. సరే.

ఆ కుర్చీ మీద మనసుపడ్డందుకు సిగ్గుపడకు. అలిసిన మనిషి కుర్చీ కోరుకోవడంలో పాపమేమీ లేదు, నిన్ను తిట్టినప్పుడు నాకు కళ్ళు లేవు. మూడో అంతస్తంతటికీ కుర్చీ ఒక్కటే ఉండటం పాపం. దాన్ని ఎర వేసి నీ నోరు కొనడం ఇంకా పాపం. అది నీ కాళ్ళ మీద జాలిపడి ఇచ్చిందైతే నీ పేరు తీసేయకముందే ఇచ్చేవాడు. నువ్వు మాట్లాడతావని తెలిశాక ఇచ్చాడు. నీకు ఇచ్చింది కుర్చీ కాదే పిచ్చిదానా, నీ నోటికి వేసిన ధర.

మెల్లగా ఏదైనా చేస్తానన్నావు. చేయలేవు. ఈ రోజు ఆ కుర్చీలో కూర్చుంటే, రేపు పెద్దక్క పడిపోయినప్పుడు నువ్వు బిల్లు కొడుతూ ఉంటావు. లేచి వెళదామనుకుంటావు. వరసలో గిరాకీలుంటారు.

గెంటేస్తారేమో. నిజమే, గెంటేయవచ్చు. కాదని నేను దొంగ ధైర్యం చెప్పను. గెంటేస్తే నువ్వూ ఆ పెద్దక్కా ఇక్కడికి రండి. బూట్లకి పైతోలు కుట్టే చేతులు నాకు చాలడం లేదు, అది కూర్చుని చేసే పని. అమ్మ ఇప్పుడే లేచింది. మాటలు విని, ‘అది ఏం చేసినా అన్నం తిని చెయ్యమను’ అంటోంది.

నువ్వు ఇన్ని అర్థాలు నేర్చుకున్నావు, వాటిలో ఒక్కటీ యజమానికి చెప్పకు. నీ ఇంగ్లీషు చిన్నదిగా ఉండనీ. మేము అలిసిపోతున్నాం, పీటలు కావాలి, పని ఆపం. ఆ మూడు ముక్కలు చాలు. గొంతు వణికితే వణకనీ, వణుకుతూనే చెప్పు. ఆయన నవ్వితే మళ్ళీ చెప్పు.

ముందు పెద్దక్కకి మేనేజరు కుర్చీ సంగతి చెప్పెయ్యి. తలుపులు తీయకముందే, అందరూ వింటుండగా. దాచింది ఏదీ నీ దగ్గర ఉండకూడదు. చెప్పేసింది పొడుగు పిల్లే అయినా తిట్టొద్దు. ఆ పిల్ల చెయ్యి కూడా పట్టుకో.

సంతకం పెట్టే తీరిక లేదు, డ్రైవరు లేచాడు. ఉత్తరం మడిచి లోపల పెట్టుకో. రేపు కాదు, యజమాని మళ్ళీ వచ్చినప్పుడు కాదు. ఈ పొద్దున్నే, ఆయన మెట్లెక్కే అడుగులు వినపడగానే, పెద్దక్క చెయ్యి పట్టుకుని ఆమెను నేల మీద కూర్చోబెట్టు. పక్కన నువ్వు కూర్చో. కూర్చునే ఉండు.